ఆదివారం వాక్యాన్ని ఎలా వినాలి? విన్నది నిలవాలంటే ఏం చేయాలి?

ఆరాధన అయ్యాక చర్చి గుమ్మం దగ్గర పాస్టర్ గారికి వందనాలు చెబుతూ "ఈ రోజు వాక్యం చాలా బాగుందండీ" అంటాం. ఒంట్లో బాగోక ఇంట్లో ఉండిపోయిన అమ్మమ్మ భోజనాల దగ్గర "ఏం చెప్పార్రా ఇవాళ?" అని అడిగితే మాత్రం "బాగా చెప్పారు" అన్న దగ్గరే ఆగిపోతాం.

యెహెజ్కేలు ప్రవక్త కాలంలో కూడా ఇలాగే ఉండేది. జనం గోడల దగ్గరా ఇళ్ల గుమ్మాల్లోనూ నిలబడి, "రండి, యెహోవా నుంచి ఏం మాట వచ్చిందో విందాం" అని ఒకరినొకరు పిలుచుకునేవారు. వచ్చి ప్రవక్త ఎదుట శ్రద్ధగా కూర్చునేవారు. ఆయన మాటలు వాళ్లకి మంచి గొంతున్నవాడు పాడిన పాటలా అనిపించేవి. వినేవారు, చేసేవారు కాదు. ఆ పుస్తకం 33వ అధ్యాయం చివర్లో ఇదంతా ఉంది.

ప్రసంగం ఎలా చెప్పాలో నేర్పడానికి బైబిల్ కాలేజీలు ఉన్నాయి. ఎలా వినాలో మనకి ఎవరూ కూర్చోబెట్టి నేర్పరు. ప్రభువు మాత్రం ఆ సంగతి సూటిగా అన్నారు: "మీరేలాగు వినుచున్నారో చూచుకొనుడి" (లూకా 8:18). విత్తువాని ఉపమానాన్ని వివరించాక ఎంతోసేపు కాకుండానే అన్న మాట ఇది. ఆ ఉపమానంలో విత్తేవాడు ఒకడే, విత్తనం ఒకటే. తేడా అంతా నేలలో ఉంది. అందుకే ప్రసంగం బాధ్యత సగం పుల్పిట్ మీద ఉంటే, మిగతా సగం బల్లల మీదా చాపల మీదా కూర్చున్న మనదేనని నా గట్టి నమ్మకం. ఆ సగాన్ని ఎలా నెరవేర్చాలో చూద్దాం.

1. శనివారం రాత్రే మొదలుపెట్టండి

ముందు నిద్ర. త్రోయలో పౌలు అర్ధరాత్రి దాకా మాట్లాడుతుంటే ఐతుకు అనే యువకుడు కిటికీలో కూర్చుని నిద్రపోయి మూడో అంతస్తు నుంచి కింద పడ్డాడు (అపొస్తలుల కార్యములు 20). ఆ కథలో పౌలు అతన్ని తిట్టలేదు. కిందికి వెళ్లి కౌగిలించుకున్నాడు, కుర్రాడు బతికాడు. నైట్ షిఫ్ట్ చేసి నేరుగా ఆరాధనకి వచ్చేవాళ్లు కునికిపాట్లు పడితే తప్పు పట్టకూడదని నేననుకోవడానికి ఇదే కారణం. కానీ శనివారం రాత్రి ఒంటిగంట దాకా ఫోన్ చూసి, ఆదివారం "వాక్యం ఎక్కడం లేదు" అనడం వేరే విషయం.

రెండోది, వాక్యభాగం ముందే చదవడం. సీఎస్ఐ (దక్షిణ ఇండియా సంఘం), లూథరన్ సంఘాల్లో ఏ ఆదివారం ఏ పాఠాలు చదవాలో ఆల్మనాక్‌లో, అంటే సంఘపు వార్షిక పంచాంగంలో, ముందే ఉంటుంది. కథోలిక సంఘంలో ఆదివారపు పఠనాలు మూడేళ్లకోసారి తిరిగి వస్తాయి: ఒక ఏడాది ప్రధానంగా మత్తయి, ఒక ఏడాది మార్కు, ఒక ఏడాది లూకా. బాప్టిస్టు, బ్రదరెన్, పెంతెకొస్తు సంఘాల్లో ఎక్కువగా పాస్టర్ గారే వాక్యభాగం ఎంచుకుంటారు కాబట్టి "వచ్చే వారం ఎక్కడి నుంచి చెబుతారండీ?" అని అడిగేయొచ్చు. ఆ ప్రశ్నకి సంతోషపడని పాస్టర్ ఉండరు.

ఆ భాగాన్ని రెండుసార్లు చదవండి, ఒకసారి పైకి. మన పాత బైబిల్ తెలుగు పెద్దవాళ్లకి నోటికి వచ్చు గానీ పిల్లలకి కష్టం. వాళ్లకోసం వాడుక భాషలో వచ్చిన అనువాదం పక్కన పెట్టుకోండి. అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో పెరుగుతున్న పిల్లల్ని తెలుగు ఆరాధనకి తీసుకెళ్లేవాళ్లు ముందురోజు ఇంగ్లీషులో ఒకసారి చదివిస్తే చాలు, మర్నాడు వాళ్లు దిక్కులు చూడకుండా కథ వెంట వెళ్లగలరు.

ఇంకొకటి. ఆదివారం పొద్దున ఇస్త్రీ బట్టల మీద, ఆలస్యం మీద ఇంట్లో అరుచుకుని, అదే కోపంతో వెళ్లి కూర్చుంటే చెవిలో వాక్యం పడదు. బలిపీఠం దగ్గర అర్పణ విడిచిపెట్టి ముందు సహోదరునితో సమాధానపడమన్నారు ప్రభువు. దారిలోనైనా సరే, ఒక మాట అనేసి వెళ్లండి.

2. కూర్చున్నాక చేయాల్సింది

బాల సమూయేలుకి ఏలీ నేర్పిన ప్రార్థన చాలు: "నీ దాసుడు ఆలకించుచున్నాడు ఆజ్ఞయిమ్ము." కథోలికులు సువార్త పఠనానికి లేచి నిలబడి, నుదుటి మీద, పెదవుల మీద, రొమ్ము మీద చిన్న సిలువ గుర్తు వేసుకుంటారు. వాక్యం తలలోనూ నోటిలోనూ గుండెలోనూ ఉండాలని ఆ గుర్తుకి అర్థం. ఏ సంఘం వాళ్లయినా ఆ కోరికతోనే కూర్చోవచ్చు.

ఫోన్లో బైబిల్ చదివేవాళ్లు నెట్ ఆపేయండి. వాట్సాప్ మెసేజ్ ఒక్కటి పైన కనబడితే చాలు, మనసు కల్లూరి పెళ్లికో ఆఫీసు టెన్షన్‌కో వెళ్లిపోతుంది. విత్తువాని ఉపమానంలోని ముళ్లపొదలు ఇవే. "విచారములు, ధనభోగములు" అని ప్రభువే విప్పి చెప్పారు.

వింటున్నప్పుడు జాగ్రత్తపడాల్సిన అలవాటు మరొకటుంది. "ఈ మాట మా ఆడపడుచు విని ఉంటే బాగుండేది" అనుకోవడం. పాస్టర్ గారు కోపం గురించి చెబుతుంటే మనకి మన కోపం తప్ప ఇంటిల్లిపాది కోపమూ గుర్తొస్తుంది. అలా అనిపించగానే ఆ మనిషి పేరు తీసేసి మన పేరు పెట్టుకోవాలి. ఇది చెప్పినంత తేలిక కాదు, అయినా ప్రతివారం చేయాల్సిన పనే.

3. రాయండి, కానీ తక్కువ రాయండి

దాదాపు 1600 ఏళ్ల కిందట ఉత్తర ఆఫ్రికాలోని హిప్పో నగరంలో బిషప్ అగస్టీను కూర్చుని ప్రసంగించేవాడు, సంఘం నిలబడి వినేది. వేగంగా రాసే లేఖరులు ఆ మాటల్ని పట్టుకుని రాశారు కాబట్టే ఆయన ప్రసంగాలు వందల సంఖ్యలో మనదాకా వచ్చాయి. మనం అంత రాయనక్కర్లేదు. ప్రతి మాటా రాయబోతే చెయ్యి పని చేస్తుంది, మనసు ఆగిపోతుంది. ఇప్పుడు ఎలాగూ రికార్డింగ్ దొరుకుతుంది. పుస్తకంలో ఈ మాత్రం ఉంటే సరిపోతుంది:

వాక్యభాగం: యాకోబు 1:19-25.
ఒక్క మాటలో: వినడానికి తొందరపడాలి, మాట్లాడడానికి ఆగాలి.
అర్థం కానిది: "స్వాతంత్ర్యము నిచ్చు నియమము" అంటే ఏమిటి?
ఈ వారం: నాన్న ఫోన్‌లో మాట్లాడేటప్పుడు "సరే, సరే" అని మధ్యలో తుంచేయకుండా పూర్తిగా వినాలి.

రెండో వరుస అన్నిటికంటే కష్టం. ప్రసంగాన్ని ఒక్క వాక్యంలో చెప్పలేకపోతే మనకి ఇంకా అందలేదన్నమాట. మూడో వరుసని సిగ్గుపడి వదిలేస్తుంటారు. అర్థం కానిది రాసుకున్నవాడే బుధవారం కూడికలో దాని గురించి అడగగలడు.

చదవడం, రాయడం రాని పెద్దవాళ్లు మన సంఘాల్లో ఎప్పుడూ ఉన్నారు. వినడంలో వాళ్లు మనకంటే వెనకబడి లేరు. ఊళ్లలో చాలామందికి అక్షరం రాని రోజుల్లో ప్రభువు ప్రార్థన, విశ్వాస ప్రమాణం, బైబిల్ కథలు, కీర్తనలు నోటి ద్వారానే నిలిచాయి. పురుషోత్తమ చౌధురి (1803-1890) రాసిన కీర్తనలు ఈనాటికీ పుస్తకం తెరవకుండా పాడే అమ్మమ్మలున్నారు. రాయడం కుదరకపోతే ఆ వారం వాక్యానికి దగ్గరగా ఉన్న కీర్తన ఒకటి ఎంచుకుని, వంట చేస్తూనో బండి నడుపుతూనో పాడుకోండి. రాగం వెంట వాక్యమూ వస్తుంది.

4. విన్నదాన్ని పరిశీలించండి

చాలామంది దీన్ని తిరుగుబాటు అనుకుంటారు. "దైవజనుడు చెప్పాక మనమెవరం?" అంటారు. బెరయ అనే ఊరి వాళ్లు ఏకంగా పౌలు మాటలనే "ఆలాగున్నవో లేవో అని ప్రతిదినమును లేఖనములు పరిశోధించుచు" వచ్చారు. అందుకు వాళ్లని తిట్టలేదు, ఘనులన్నారు (అపొస్తలుల కార్యములు 17:11). ఆ వచనంలోనే ఇంకో మాట ఉంది, వాళ్లు "ఆసక్తితో" అంగీకరించారు. తప్పులు వెతకడానికి వినడం వేరు, ఇష్టంగా విని సరిచూసుకోవడం వేరు.

ఎలా సరిచూసుకోవాలో ఒక వచనం మీద చూపిస్తాను. డిసెంబర్ 31 రాత్రి ఆరాధనలో చాలా సంఘాల్లో కొత్త ఏడాదికి వాగ్దానం ఇస్తారు. ఆ కార్డుల మీద తరచూ కనిపించేది యిర్మీయా 29:11. రాబోయే కాలంలో నిరీక్షణ కలిగేలా దేవుడు మన గురించి చేసిన ఉద్దేశాలు "సమాధానకరమైన ఉద్దేశములేగాని హానికరమైనవి కావు" అనే మాట. దాన్ని గోడకి అంటించుకుని, ఈ ఏడాదే ఉద్యోగం వస్తుంది, వీసా వస్తుంది అనుకుంటాం. ఇప్పుడు పై వచనం చదవండి. బబులోనుకి డెబ్బై ఏళ్లు నిండాక మిమ్మల్ని తిరిగి రప్పిస్తానంటున్నాడు దేవుడు. ఇది చెరలో ఉన్నవాళ్లకి యిర్మీయా రాసిన ఉత్తరం. ఇళ్లు కట్టుకోండి, తోటలు నాటండి, మీరున్న పట్టణం క్షేమం కోసం ప్రార్థించండి అని ముందు వచనాల్లో ఉంది. ఇంకొంచెం వెనక్కి, 28వ అధ్యాయానికి వెళ్తే హనన్యా అనే ప్రవక్త "రెండేళ్లలో అంతా అయిపోతుంది" అని జనానికి నచ్చే మాట చెబుతాడు. అతను చెప్పింది అబద్ధం.

అలా చదివితే వాగ్దానం చిన్నదైపోదు. ఉద్యోగం రాని ఏడాదిలో కూడా పట్టుకుని నిలబడగలిగేంత పెద్దదవుతుంది. అందుకే ఏ వచనం విన్నా పైన పది వచనాలు, కింద పది వచనాలు చదవడం అలవాటు చేసుకోండి. ఎవరు ఎవరితో అన్నారు, ఏ పరిస్థితిలో అన్నారు అని అడగండి. ఈ ఒక్క అలవాటుతో సగం అపార్థాలు పోతాయి.

కొన్ని మాటలు వినగానే ఆగాలి. కానుక ఇంత ఇస్తే అంత తిరిగొస్తుందని లెక్క చెప్పడం, ప్రశ్న అడిగితే శాపం తగులుతుందని భయపెట్టడం, ప్రార్థన చేశాం కాబట్టి మందులు ఆపేయమనడం. షుగర్, బీపీ, ఫిట్స్ మందులు ఎవరు చెప్పినా సరే డాక్టరుని అడగకుండా ఆపొద్దు. పౌలు వెంట ఉన్న లూకా వైద్యుడే. తిమోతి కడుపు జబ్బుకి ఏం పుచ్చుకోవాలో పౌలే రాశాడు. స్వస్థత కోసం ప్రార్థిస్తూనే మందు వేసుకోవడం అవిశ్వాసం కాదు.

యూట్యూబ్ వాక్యాల సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. మంచం పట్టినవాళ్లకీ, దగ్గర్లో తెలుగు సంఘం లేనివాళ్లకీ అవి పెద్ద ఆదరణ. అయితే నిమిషం ముక్కలు విని ఒక నిర్ణయానికి రాకండి, ప్రసంగం మొత్తం వినండి. రోజుకి నలుగురు బోధకుల్ని వింటూ సొంత సంఘంలో ఒక్క ఆదివారం నిలకడగా కూర్చోలేకపోతున్నామంటే ఆకలి ఎక్కువైందని కాదు, రుచి మరిగామని అర్థం. స్క్రీన్ మీది బోధకుడికి మన పేరు తెలియదు. మన ఇంట్లో చావు జరిగితే వచ్చి కూర్చునేది మన కాపరే. ఆయన ప్రసంగం కాస్త సాదాగా ఉన్నా, మనల్ని ఎరిగి చెప్పేది ఆయనే.

5. త్వరగా ఒక్క పని చేయండి

నెహెమ్యా 8వ అధ్యాయం తీరిగ్గా చదవండి, వినడానికి బైబిల్‌లో ఇంతకంటే మంచి నమూనా నాకు కనబడలేదు. యెరూషలేములో నీటి గుమ్మం ముందు మైదానంలో జనం కూడారు. ఎజ్రా కర్రతో చేసిన పీఠం మీద నిలబడి తెల్లవారింది మొదలు మధ్యాహ్నం దాకా ధర్మశాస్త్రం చదివాడు. లేవీయులు దాని భావం విడమర్చి చెప్పారు. అర్థమై జనం ఏడ్చారు. ఏడవకండి, ఇంటికెళ్లి మంచి భోజనం చేయండి, ఏమీ లేనివాళ్లకి పంపండి అన్నారు పెద్దలు. మర్నాడు కుటుంబ పెద్దలు ఇంకా గ్రహించాలని మళ్లీ వచ్చారు. పర్ణశాలల పండుగ గురించిన ఆజ్ఞ కనబడింది. వెంటనే కొండకి వెళ్లి ఒలీవ కొమ్మలు, ఈత కొమ్మలు తెచ్చి మిద్దెల మీదా ముంగిళ్లలోనూ పర్ణశాలలు కట్టుకున్నారు. యెహోషువ రోజుల తర్వాత వాళ్లు అలా చేసింది అప్పుడేనట.

ఏడుపు దగ్గర ఆగిపోలేదు వాళ్లు. ఉజ్జీవ సభల్లో కన్నీళ్లు పెట్టుకుని వచ్చి, సోమవారం పనివాళ్ల కూలి డబ్బులు ఎప్పటిలాగే ఆపడం మనం చూస్తూనే ఉన్నాం. కాబట్టి పుస్తకంలో "ఈ వారం" అని రాసుకున్న పనిని మంగళవారం లోపే చేసేయండి. పని చిన్నదిగా, ఫలానా మనిషితో, ఫలానా రోజున అన్నట్టు ఉండాలి. "ప్రేమగా ఉండాలి" అని రాసుకుంటే ఏమీ జరగదు. "అప్పు తీర్చలేని పక్కింటాయనకి గడువు ఇస్తానని సోమవారం చెప్పాలి" అని రాసుకుంటే జరుగుతుంది.

కొన్ని వారాలు ఏమీ అంటదు. వాక్యం విన్నా గోడ విన్నట్టే ఉంటుంది. దుఃఖంలో, డిప్రెషన్‌లో, బాలింతల అలసటలో ఇలా జరుగుతుంది. అప్పుడు నోట్స్, పరిశీలన అన్నీ పక్కన పెట్టి ఊరికే వెళ్లి కూర్చోండి. మంచి నేలలో పడిన విత్తనం "ఓపికతో" ఫలిస్తుందని రాసి ఉంది, వెంటనే అని కాదు.

6. ఇంకొకరికి చెప్పండి

1912లో దోర్నకల్ మొదటి బిషప్ అయిన వి.ఎస్. అజరయ్య, పల్లెల్లో కొత్తగా బాప్తిస్మం తీసుకున్నవాళ్ల చేత తల మీద చెయ్యి పెట్టించి "సువార్త ప్రకటించకపోతే నాకు శ్రమ" అనే అర్థం వచ్చే పౌలు మాట చెప్పించేవారు. నిన్నగాక మొన్న విన్నవాళ్లు కూడా ఇంకొకరికి చెప్పాల్సినవాళ్లేనని ఆయన ఉద్దేశం.

మనం పెద్ద సభలు పెట్టనక్కర్లేదు. ఆదివారం భోజనం దగ్గర ఒక్కొక్కరు ఒక్కో మాట చెప్పండి. పిల్లల్ని ముందు అడగండి, పెద్దవాళ్లు చెప్పిందే మళ్లీ చెప్పకుండా ఉంటారు. ఇంట్లో ఉండిపోయిన అమ్మమ్మకి వాక్యభాగం చదివి వినిపించి, ఆవిడకి ఏమనిపించిందో వినండి. అర్థం కాని ప్రశ్నని బుధవారం కూడికలో అడగండి, అక్కడ కుదరకపోతే పాస్టర్ గారికి ఫోన్ చేయండి. ఈసారి గుమ్మం దగ్గర "వాక్యం బాగుంది" అనే బదులు "పోయిన వారం మీరు చెప్పింది విని మా తమ్ముడితో మాట్లాడాను అయ్యగారూ, ఇంకా పూర్తిగా కలవలేదు, ప్రార్థన చేయండి" అని చెప్పండి. వచ్చే ప్రసంగం సిద్ధం చేసుకునేటప్పుడు ఆయనకి మీ ఇల్లు గుర్తుంటుంది.