మట్టిదారి ట్రయాథ్లాన్‌కి మొదటిసారి దిగేవాళ్ళకి

ట్రయాథ్లాన్ అంటే ఈత, సైకిల్, పరుగు వరసగా చేసే పోటీ. రోడ్డు ట్రయాథ్లాన్ నుంచి ఈ మట్టిదారి రకానికి వచ్చేవాళ్ళు ముందుగా అడిగేది ఏ సైకిల్ కొనాలని. నేను తిరిగి అడిగేది ఒకటే: రాళ్ళున్న దిగుడులో సైకిల్ మీదే ఉంటారా, దిగి నడుస్తారా? ఉద్యోగాల మధ్య ప్రాక్టీసు చేసుకునే మనలాంటి వాళ్ళ రేసు చాలావరకు అక్కడే తేలిపోతుంది. స్టామినా సంగతి ఆ తర్వాత.

ఈ పోటీని క్రాస్ ట్రయాథ్లాన్ అని కూడా అంటారు. 1996లో హవాయిలోని మావీ దీవిలో మొదలైన ఎక్స్‌టెరా రేసులతో దీనికి బాగా పేరొచ్చింది. పూర్తి రేసంటే సుమారుగా 1.5 కిలోమీటర్ల ఈత, 30 కిలోమీటర్ల మౌంటెన్ బైక్, 10 కిలోమీటర్ల ట్రెయిల్ రన్, అంటే మట్టిదారి పరుగు. మొదటిసారికి ఇందులో సగం ఉండే స్ప్రింట్ చాలు. అయితే దూరం చూసి టైము లెక్క వేసుకోకండి. 30 కిలోమీటర్లలో 300 మీటర్ల ఎత్తు ఎక్కడం ఒకటి, 1000 మీటర్లు ఎక్కడం వేరొకటి. రేసు వివరాల్లో ముందు ఆ అంకె వెతకండి. కటాఫ్ టైములు, అంటే ఒక్కో భాగం ఎంతలోపు ముగించాలో చెప్పే గడువులు, కూడా అక్కడే ఉంటాయి, వాటిని కాగితం మీద రాసిపెట్టుకోండి.

వారానికి ఆరేడు గంటలే దొరికితే అందులో సగం సైకిల్‌కే ఇవ్వండి. అది కూడా రోడ్డు మీద కాదు. వారంలో ఒక్కరోజైనా కాళ్ళు తాజాగా ఉన్నప్పుడు, ఒక చిన్న దిగుడు ఎంచుకుని దాన్నే మళ్ళీ మళ్ళీ దిగండి. వేగం గురించి ఆలోచించొద్దు. పెడల్స్ రెండూ ఒకే ఎత్తులో ఉంచి, సీటు మీద నుంచి లేచి, మడమలు కిందికి నొక్కి, మోచేతులు బయటికి వంచండి. వాలు నిటారుగా ఉంటే నడుము వెనక్కి జరపండి, కానీ చేతులు బిగుసుకుపోయేంత వెనక్కి వద్దు, ముందు చక్రం మీద పట్టు పోతుంది. బ్రేకు మలుపుకి ముందే వేసేయాలి. మలుపులో వదిలేయాలి. తడిసిన చెట్టు వేరు అడ్డం వస్తే దాన్ని అడ్డంగా, అంటే తొంభై డిగ్రీల్లో దాటండి, ఆ క్షణంలో బ్రేకు ముట్టుకోకండి. అన్నిటికన్నా కష్టం, చూపు. ముందు చక్రం కింద ఉన్న రాయినే చూస్తే దాన్నే గుద్దుతారు. దారి ఎటు పోతోందో అటు చూడండి. ఇది చదివితే వచ్చేది కాదు, అందుకే అదే దిగుడు మళ్ళీ మళ్ళీ అంటున్నాను.

ఎక్కుడులో కిటుకు చిన్నదే: గేరు ముందే తేలిక చేసుకోండి. చెయిన్ మీద బరువు పడ్డాక మారిస్తే అది తెగినా ఆశ్చర్యపోనక్కర్లేదు. సీటు ముందు కొస మీదికి జరిగి ఛాతీ హ్యాండిల్ వైపు దించితే ముందు చక్రం లేవదు, వెనక చక్రం జారదు. ఇక అసలు ఎక్కలేని చోట దిగి నెట్టుకుంటూ వెళ్ళండి, నియమాలు దానికి ఒప్పుకుంటాయి. కొన్ని వాలుల్లో నడిచేవాడూ తొక్కేవాడూ పైకి ఒకేసారి చేరతారు, కాకపోతే నడిచినవాడి ఊపిరి కుదురుగా ఉంటుంది. ఇందులో నామోషీ ఏముంది?

సైకిల్ గురించి నా అభిప్రాయం సూటిగా చెప్తాను. మంచి డిస్క్ బ్రేకులున్న హార్డ్‌టెయిల్, అంటే ముందు చక్రానికి మాత్రమే సస్పెన్షన్ ఉన్న సైకిల్ చాలు. డబ్బు ఖర్చుపెట్టాలనిపిస్తే టైర్ల మీద పెట్టండి. ట్యూబ్‌లెస్ చేయించి, లోపల చిన్న చిల్లుల్ని పూడ్చే సీలెంట్ ద్రవం పోయించండి, చిన్న ముళ్ళ బెడద తీరిపోతుంది. గాలి ఎక్కువ కొట్టడం రోడ్డు వాళ్ళ అలవాటు. 70 కిలోల మనిషికి వెడల్పు ట్యూబ్‌లెస్ టైరులో 20 నుంచి 25 పీఎస్ఐ మధ్య మొదలుపెట్టి, ముందు టైరులో వెనకదాని కన్నా కాస్త తక్కువ ఉంచి, రేసు దారి మీద తొక్కి చూసుకుని సరిచేసుకోండి. సీటు కింద సంచిలో ఒక ట్యూబు, గాలి పంపు, టైరు లివర్లు, చెయిన్ కట్టర్ ఉన్న మల్టీటూల్, తెగిన చెయిన్‌ని కలిపే ఒక క్విక్ లింక్ ఉండాలి. రేసులో బయటివాళ్ళ సాయం తీసుకోకూడదు, కాబట్టి తెగిన చెయిన్ కలపడం ఇంట్లోనే నేర్చుకోండి.

ఈత గురించి ఎక్కువ చెప్పను. స్విమ్మింగ్ పూల్‌లో దూరం ఈదగలిగినవాళ్ళకి చెరువులోనో సముద్రంలోనో వచ్చే సమస్య దిక్కు తెలియకపోవడం. ప్రతి ఏడెనిమిది చేతులకోసారి కళ్ళు నీటి పైకి మొసలిలా లేపి, దారి చూపడానికి నీళ్ళలో తేలేలా పెట్టిన బోయా చూసుకోండి. గుంపులో టెన్షన్ పడే రకమైతే ఒక పక్కగా మొదలెట్టండి. చల్లటి నీళ్ళలో మొదటి నిమిషం ఊపిరి ఎగబీలుస్తుంది. కంగారు పడకుండా నీళ్ళలోకి నెమ్మదిగా గాలి వదులుతూ ఉంటే సర్దుకుంటుంది. వెట్‌సూట్ (చలి ఆపే రబ్బరు ఈత దుస్తులు) వేసుకోనిస్తారా లేదా అన్నది నీటి ఉష్ణోగ్రతను బట్టి ఉంటుంది, కాబట్టి లేకుండా కూడా ఈది ఉండాలి.

ట్రాన్సిషన్‌లో, అంటే ఈత నుంచి సైకిల్‌కి, సైకిల్ నుంచి పరుగుకి మారే చోట, ఒక్క నియమం మర్చిపోవద్దు: సైకిల్‌ని స్టాండు మీద నుంచి తీసే ముందే హెల్మెట్ పెట్టుకుని బకిల్ బిగించాలి. తిరిగొచ్చాక సైకిల్ స్టాండుకి తగిలించే వరకు విప్పకూడదు. ఇసుక అంటిన పాదాలకి చిన్న తువ్వాలు, తర్వాత సాక్సులు. మట్టిదారి పరుగులో సాక్సులు లేకుండా పది సెకన్లు మిగిలించుకోవడం నాకెప్పుడూ లాభంగా కనిపించలేదు.

రేసు రోజు సైకిల్ మీద మొదటి పావుగంట కావాలనే తగ్గించి తొక్కండి. ఈత నుంచి గుండె అప్పటికే గట్టిగా కొట్టుకుంటూ ఉంటుంది, వెంటనే ఎక్కుడు వస్తే చేతులు వణుకుతాయి, వణికే చేతులతో దిగుడు దిగడం ప్రమాదం. సన్నదారిలో వెనకనుంచి ఎవరైనా పిలిస్తే, చోటు దొరకగానే పక్కకి తప్పుకోండి. మీరు దాటాలంటే ఏ పక్క నుంచి వస్తున్నారో ముందే అరిచి చెప్పండి. సైకిల్ దిగి నెట్టుకుంటూ వెళ్ళేవాళ్ళు తొక్కేవాళ్ళకి దారి ఇవ్వడం మర్యాద. తిండి, నీళ్ళు చదునుగా ఉన్నచోటే. గతుకుల్లో ఒక చేయి వదిలి బాటిల్ తీయడం కుదరదు, అందుకే చాలామంది వీపుకి గొట్టం ఉన్న నీళ్ళ సంచి తగిలించుకుంటారు. గంటకి 30 నుంచి 60 గ్రాముల కార్బోహైడ్రేట్ అందితే పరుగుకి సత్తువ మిగులుతుంది. ముందు రోజు దారంతా ఒకసారి తిరిగి ఈ చదును చోట్లు గుర్తుపెట్టుకున్నవాళ్ళు అదృష్టవంతులు.

పరుగు మొదట్లో కాళ్ళు మీవి కానట్టుంటాయి. ప్రాక్టీసులో వారానికోసారి సైకిల్ దిగిన వెంటనే ఇరవై నిమిషాలు మట్టిలోనే పరిగెత్తి ఉంటే ఇది కొత్తగా అనిపించదు. అడుగులు చిన్నవిగా, వేగంగా వేయండి. మూడు నాలుగు మీటర్ల ముందుకి చూస్తూ పాదం కాస్త ఎక్కువ ఎత్తండి. అలిసిన కాలు ఎత్తు తగ్గిపోయి రాళ్ళకి తగిలేది ఆఖరి కిలోమీటర్లలోనే. నిటారు ఎక్కుడులో చేతులు తొడల మీద పెట్టి నడవండి. దిగుడులో వెనక్కి వాలితే మడమ జారుతుంది, నడుము పాదాల మీదే ఉంచండి.

ముగింపు గీత దాటాక, టైము కొలవడానికి కాలికి కట్టిన చిప్పు తిరిగి ఇచ్చేసి, ఫొటోలకన్నా ముందు మోకాళ్ళు, మోచేతులు చూసుకోండి. గీసుకుపోయిన చోట మట్టి ఎండకముందే సబ్బు, నీళ్ళతో కడగాలి. ఆ తర్వాత సైకిల్ చెయిన్ కూడా.