బయటి గోడలో పైపు గడ్డకడుతోందా? తప్పు చలిది కాదు, కట్టడానిది

పైపు గడ్డకట్టగానే అందరూ చలిని తిడతారు. గోడ విప్పి చూస్తే పైపు వెనక ఇన్సులేషన్ (చలిని ఆపే పొర) ఉండదు, పైపు దూరిన రంధ్రం చుట్టూ వేలు పట్టేంత సందు. అందులోంచి సన్నగా కొట్టే గాలే అసలు దొంగ.

ముందు సందులు మూయాలి: సన్న పగుళ్లకు సీలెంట్, పెద్దవాటికి స్ప్రే ఫోమ్. తర్వాత పైపుకూ బయటి గోడకూ మధ్య 5 సెంటీమీటర్ల గట్టి ఫోమ్ బోర్డు పెట్టి, అంచులు కూడా ఫోమ్‌తో మూసేయాలి. గది వైపు మాత్రం ఏమీ కుక్కకండి. చాలామంది ఇక్కడే పొరబడి, లోపలి వెచ్చదనం పైపుకు అందకుండా చేస్తారు. పైపు తొడుగు వేడి పుట్టించదు, చల్లబడటాన్ని ఆలస్యం చేస్తుందంతే. వీలుంటే పైపునే లోపలి గోడకు మార్చడం మేలు.

నీరు గడ్డకడితే సుమారు 9 శాతం ఉబ్బుతుంది. అయినా పైపు తరచూ పగిలేది మంచు ఉన్నచోట కాదు, మంచుకూ మూసిన కుళాయికీ మధ్య. చిక్కుకున్న నీటి ఒత్తిడి పెరిగి. చలి రాత్రుల్లో కుళాయిని సన్నధారగా వదలమనేది అందుకే.

ఇప్పటికే గడ్డకట్టిందా? కుళాయి తెరిచి, అటునుంచే మొదలుపెట్టి హెయిర్ డ్రయ్యర్‌తో వెనక్కి కరిగించుకుంటూ వెళ్లండి. మంట వద్దే వద్దు. ఇంటికొచ్చే నీటిని ఆపే మెయిన్ వాల్వ్ ఎక్కడుందో ముందే చూసుకోండి, పగులు బయటపడేది మంచు కరిగాకే.