డేటాబేస్ సర్వర్‌కు క్లయింట్ కనెక్ట్ కానప్పుడు: లక్షణం, కారణం, పరిష్కారం

సర్వర్ తన యంత్రంలో చక్కగా నడుస్తూ ఉంటుంది, పక్క కంప్యూటర్‌లోని అప్లికేషన్ (క్లయింట్) మాత్రం దానిని చేరుకోలేదు. అప్పుడు చాలామంది డ్రైవర్‌ను (అప్లికేషన్‌ను డేటాబేస్‌తో కలిపే సాఫ్ట్‌వేర్‌ను) తీసివేసి మళ్లీ ఇన్‌స్టాల్ చేస్తారు. దానికి ముందు ఎర్రర్ సందేశాన్ని అక్షరం పోకుండా నకలు చేసి ఉంచుకోవాలి. డ్రైవర్ దొరకడం, సర్వర్ పేరు చిరునామాగా మారడం, పోర్టు (సర్వర్ కనెక్షన్ల కోసం వినే, నంబరున్న ద్వారం) తెరుచుకోవడం, ఎన్‌క్రిప్షన్ కుదరడం, లాగిన్ కావడం అనే దశలలో కనెక్షన్ ఎంతవరకు వెళ్లి ఆగిందో ఆ సందేశమే చెబుతుంది. ఆ దశకు చెందని మార్పులు ఎన్ని చేసినా ఫలితం ఉండదు.

లక్షణం: "డేటా సోర్స్ నేమ్ నాట్ ఫౌండ్" అనే ఓడీబీసీ (అప్లికేషన్లు డేటాబేస్‌లతో మాట్లాడే ఒక ప్రామాణిక పద్ధతి) సందేశం, కోడ్ ఐఎం002.

ఇక్కడ నెట్‌వర్క్ ప్రసక్తే లేదు. క్లయింట్ ఇంకా తన యంత్రం దాటలేదు. పేరు తప్పుగా రాయకపోతే, తరచుగా కనిపించే కారణం 32 బిట్, 64 బిట్ తేడా. 32 బిట్ అప్లికేషన్‌కు 64 బిట్ డ్రైవర్ కనిపించదు. విండోస్‌లో 64 బిట్ ఓడీబీసీ సాధనం సిస్టమ్32 ఫోల్డర్‌లోను, 32 బిట్ సాధనం సిస్‌వావ్64 ఫోల్డర్‌లోను ఉంటాయి కాబట్టి, పేర్లను చూసి మోసపోకుండా అప్లికేషన్‌కు తగిన దానిలోనే డీఎస్ఎన్ (డేటా సోర్స్ నేమ్, అంటే కనెక్షన్ వివరాలను దాచుకునే పేరు) సృష్టించాలి. అప్లికేషన్ విండోస్ సర్వీసుగా వేరే ఖాతాతో నడుస్తుంటే మీ యూజర్ డీఎస్ఎన్ దానికి కనిపించదు. యంత్రంలోని అన్ని ఖాతాలకూ కనిపించే సిస్టమ్ డీఎస్ఎన్ కావాలి.

లక్షణం: "కనెక్షన్ రిఫ్యూజ్డ్" లేదా "టైమ్డ్ అవుట్".

ఈ రెండింటినీ ఒకటిగా చూడడం వల్లనే ఎక్కువ సమయం వృథా అవుతుంది. మొదటిది వెంటనే వస్తే, యంత్రం వరకు చేరాము కానీ ఆ పోర్టులో వినేవారు లేరని సాధారణంగా అర్థం. రెండవది చాలాసేపటి తర్వాత వస్తే, దారిలో ఏదో ఫైర్‌వాల్ ప్యాకెట్లను జవాబు లేకుండా వదిలేస్తోందని అనుమానించాలి. డిఫాల్ట్ పోర్టులు పోస్ట్‌గ్రెస్‌కు 5432, మైఎస్‌క్యూఎల్‌కు 3306, ఎస్‌క్యూఎల్ సర్వర్‌కు 1433, ఒరాకిల్‌కు 1521. విండోస్ పవర్‌షెల్‌లో టెస్ట్-నెట్‌కనెక్షన్ కమాండ్‌తో పోర్టును విడిగా పరీక్షించవచ్చు.

పోస్ట్‌గ్రెస్ మొదట లోకల్‌హోస్ట్‌లో మాత్రమే, అంటే తన యంత్రం నుంచి వచ్చే కనెక్షన్లనే వింటుంది. "లిజన్ అడ్రసెస్" విలువను మార్చి సర్వర్‌ను రీస్టార్ట్ చేయాలి, రీలోడ్ సరిపోదు. ఎస్‌క్యూఎల్ సర్వర్ ఎక్స్‌ప్రెస్‌లో టీసీపీ/ఐపీ మొదట ఆపివేసి ఉంటుంది. దానిని కాన్ఫిగరేషన్ మేనేజర్‌లో ఆన్ చేసి సర్వీసును రీస్టార్ట్ చేయాలి. నేమ్డ్ ఇన్‌స్టెన్స్ (యంత్రంలో సొంత పేరుతో నడిచే ఎస్‌క్యూఎల్ సర్వర్) అయితే, పోర్టు నంబరు చెప్పే బ్రౌజర్ సర్వీసుకు యూడీపీ 1434 కూడా తెరవాలి.

లక్షణం: సర్వర్ జవాబిస్తుంది, లాగిన్ తిరస్కరిస్తుంది.

"నో పీజీ హెచ్‌బీఏ ఎంట్రీ" అన్న సందేశం ఒక రకంగా శుభవార్తే, నెట్‌వర్క్ దశ దాటినట్లే. ఎవరు ఎక్కడి నుంచి కనెక్ట్ కావచ్చో చెప్పే ఆ పేరున్న పోస్ట్‌గ్రెస్ ఫైలులో క్లయింట్ చిరునామాను మాత్రమే అనుమతించే వరుస చేర్చి రీలోడ్ చేస్తే చాలు; ప్రపంచమంతటికీ తలుపు తెరవకూడదు.

2018లో వచ్చిన మైఎస్‌క్యూఎల్ 8.0 నుంచి కొత్త ఖాతాలకు పాస్‌వర్డ్ పరిశీలించే డిఫాల్ట్ పద్ధతి క్యాషింగ్ షా2 కాబట్టి, దానిని ఎరుగని పాత క్లయింట్లు విఫలమవుతాయి. పాస్‌వర్డ్‌లను డిఫాల్ట్‌గా స్క్రామ్ పద్ధతిలో దాచే పోస్ట్‌గ్రెస్ 14 దగ్గరా, పదవ వెర్షన్ కంటే పాత లిబ్‌పీక్యూ అనే పోస్ట్‌గ్రెస్ క్లయింట్ లైబ్రరీకి ఇదే పరిస్థితి. సర్వర్‌ను పాత పద్ధతికి దించడం కంటే క్లయింట్‌ను అప్‌డేట్ చేయడమే సరైన పని.

లక్షణం: డ్రైవర్ మార్చిన రోజు నుంచి సర్టిఫికెట్ ఎర్రర్.

ఎస్‌క్యూఎల్ సర్వర్ కోసం వచ్చిన ఓడీబీసీ డ్రైవర్ 18లో ఎన్‌క్రిప్షన్ డిఫాల్ట్‌గా తప్పనిసరి. సర్వర్ సర్టిఫికెట్‌ను క్లయింట్ నమ్మకపోతే కనెక్షన్ ఆగుతుంది. "ట్రస్ట్ సర్వర్ సర్టిఫికెట్" అని చేర్చితే పని జరుగుతుంది గాని, మధ్యలో మరొకరు సర్వర్‌గా నటించినా క్లయింట్ గుర్తించలేదు. సర్వర్ పేరుతో సరిపోయే, క్లయింట్ నమ్మే సర్టిఫికెట్ పెట్టడమే శాశ్వత పరిష్కారం.

ఇక ఒరాకిల్‌లో ఓఆర్ఏ-12154 వస్తే కనెక్షన్ పేర్లు, చిరునామాలు ఉండే టీఎన్ఎస్ నేమ్స్ ఫైలులోని పేరును, ఓఆర్ఏ-12541 వస్తే సర్వర్ వైపు కనెక్షన్లను అందుకునే లిస్నర్‌ను చూడాలి.

సపోర్ట్ బృందాన్ని అడగవలసి వస్తే

ముందుగా ఆ వెర్షన్‌కు ఇంకా సపోర్ట్ ఉందో లేదో చూడండి. పోస్ట్‌గ్రెస్ ప్రతి ప్రధాన వెర్షన్‌కు ఐదేళ్లు సపోర్ట్ ఇస్తుంది. ఎస్‌క్యూఎల్ సర్వర్ 2014 ఎక్స్‌టెండెడ్ సపోర్ట్ 2024 జూలైలో ముగిసింది. క్లయింట్ సాధనాలను తయారీదారు అధికారిక సైటు నుంచే దించుకోవాలి; వాటికోసం మొత్తం సర్వర్ ప్యాకేజీ అవసరం లేదు, ఒరాకిల్ ఇన్‌స్టంట్ క్లయింట్ వంటివి విడిగానే దొరుకుతాయి.

అభ్యర్థనలో పూర్తి ఎర్రర్ సందేశం, అది వచ్చిన సమయం, సర్వర్ వెర్షన్, డ్రైవర్ వెర్షన్, బిట్ సంఖ్య, పోర్టు పరీక్ష ఫలితం, అదే క్షణానికి చెందిన సర్వర్ లాగ్ వరుసలు ఉండాలి. లాగిన్ విఫలమైన అసలు కారణాన్ని భద్రత కోసం క్లయింట్‌కు చెప్పకుండా లాగ్‌లో మాత్రమే రాసే సర్వర్లు ఉన్నాయి కాబట్టి ఆ వరుసలను వదలకండి. కనెక్షన్ స్ట్రింగ్‌ను జతచేసే ముందు అందులోని పాస్‌వర్డ్‌ను తీసివేయండి.