మొదటి లాగర్ నెమ్మదిగా పులుస్తోందా? ఇలా చేయండి

లాగర్ అంటే చలిలో నెమ్మదిగా పులిసే బీరు. ఈస్ట్ వేసి రోజున్నర గడిచినా ఎయిర్‌లాక్‌లో (గ్యాస్‌ని బయటికి పంపి, గాలిని లోపలికి రానివ్వని మూత గొట్టం) బుడగ కనిపించదు. ఏల్ (కాస్త వెచ్చగా పులిసే బీరు) చేసిన అలవాటున్నవాళ్లకి కంగారు ఇక్కడే మొదలవుతుంది. ఏల్ ఈస్ట్ 18–20 డిగ్రీల దగ్గర పనిచేస్తుంది, లాగర్ ఈస్ట్‌ని మనం 10–12 డిగ్రీల చలిలో పెడతాం. అక్కడ నురగ కట్టడానికే 48 గంటలు, ఒక్కోసారి 72 గంటలు పడుతుంది. అప్పటిదాకా మూత తీయకండి. పులియడం పూర్తి కావడానికి రెండు మూడు వారాలు పట్టినా అది మామూలే.

1. ఈస్ట్ సరిపడా వేయండి. ఎక్కువమంది తప్పు చేసేది ఇక్కడే. 1.050 గ్రావిటీ (నీళ్లతో పోలిస్తే సాంద్రత, చక్కెర ఎంతుందో చెబుతుంది) ఉన్న 20 లీటర్ల వోర్ట్‌కి (పులియబెట్టే తీపి మాల్ట్ ద్రవం) సుమారు 37 వేల కోట్ల కణాలు కావాలి. 11.5 గ్రాముల పొడి ఈస్ట్ ప్యాకెట్లు రెండు వేస్తే సరిపోతుంది. ఏల్‌కి సరిపోయిన ఒక్క ప్యాకెట్‌తో సరిపెడితే ఆలస్యమవుతుంది, పైగా రుచీ చెడుతుంది. ద్రవ ఈస్ట్ వాడితే, ఈస్ట్ వేసే ముందు చల్లారిన వోర్ట్‌ని ఐదారు నిమిషాలు బాగా కుదిపి గాలి పట్టించండి.

2. గది వేడి కాదు, వోర్ట్ వేడి చూడండి. థర్మామీటర్ సెన్సార్‌ని పాత్ర పక్కకి ఆనించి, పైన స్పాంజ్ ముక్క వేసి టేపు చుట్టండి.

3. మూడో రోజు దాటాక హైడ్రోమీటర్‌తో (ద్రవంలో తేలుతూ గ్రావిటీ చూపించే గాజు గొట్టం) చూడండి. ఎయిర్‌లాక్‌ని నమ్మొద్దు. మూత కాస్త వదులైనా గ్యాస్ పక్కనుంచి పోతుంది. నమూనాని జార్‌లో పోసి 20 డిగ్రీలకి రానివ్వండి. చల్లగా ఉండగా చూస్తే అంకె కాస్త ఎక్కువ చూపిస్తుంది. హైడ్రోమీటర్‌ని వేళ్లతో గిర్రున తిప్పి వదలండి. దానికి అంటుకున్న బుడగలు విడిపోతాయి, లేకపోతే అవి దాన్ని పైకి లేపేస్తాయి. చూసిన నమూనాని మళ్లీ పాత్రలో పోయకండి.

1.050 కాస్తా 1.044 అయితే పని జరుగుతోందన్నమాట, వదిలేయండి. 72 గంటలు దాటినా అంకె కదలక, నురగా లేకపోతే 13–14 డిగ్రీలకి పెంచి ఇంకో తాజా ప్యాకెట్ వేయండి.

4. మధ్యలో ఆగితే మెల్లగా వెచ్చబెట్టండి. 1.020 దగ్గర మూడు రోజులు కదలకపోతే చలికి ఈస్ట్ అడుక్కి దిగిపోయి ఉండొచ్చు. రెండు రోజుల్లో 16 డిగ్రీలకి తెచ్చి, మూత తీయకుండానే పాత్రని నెమ్మదిగా గుండ్రంగా ఊపండి. గరిటె పెట్టి కలిపితే గాలి చేరి, తడిసిన అట్టపెట్టె రుచి వస్తుంది.

ఈ రోజుల్లో కుళ్లిన గుడ్డు వాసన వస్తే భయపడకండి. లాగర్ ఈస్ట్‌కి అది సహజం, చాలామటుకు పోతుంది.

5. వెన్న వాసన పోనివ్వండి. పులిసేటప్పుడు ఈస్ట్ వల్ల ఈ వాసన వస్తుంది. చివరి గ్రావిటీకి (పులియడం ముగిశాక రావాల్సిన అంకె) నాలుగైదు పాయింట్లు, అంటే 0.004–0.005, ఉండగా 16–18 డిగ్రీలకి పెంచి రెండు మూడు రోజులు ఉంచండి. పోయిందో లేదో తేల్చుకోవడానికి రెండు గ్లాసుల్లో నమూనా తీసి రెండిటికీ మూత పెట్టండి. ఒకదాన్ని 60 డిగ్రీల నీళ్లలో 20 నిమిషాలు ఉంచి, చల్లార్చి, రెండూ వాసన చూడండి. వేడి చేసినదాంట్లో కరిగిన వెన్న వాసన తగిలితే ఇంకో రెండు రోజులు ఆగాలి.

6. వరసగా మూడు రోజులు అంకె మారకపోతేనే రోజుకి రెండు డిగ్రీల చొప్పున 1–2 డిగ్రీలకి దింపి నాలుగు వారాలు ఉంచండి. చక్కెర మిగిలి ఉండగానే సీసాల్లో పోస్తే లోపల మళ్లీ పులిసి, ఒత్తిడికి సీసాలు పగిలిపోతాయి.