బెంగళూరు ట్రాఫిక్‌లో బ్లైండ్ స్పాట్ల బారిన పడకుండా బైక్ ఎలా నడపాలి?

సిల్క్ బోర్డు దగ్గర బస్సుకీ ఫుట్‌పాత్‌కీ మధ్య కాస్త సందు కనిపిస్తే చాలు, బైకులన్నీ అందులోకి దూరతాయి. ఊళ్లో బైకుకు అంతకన్నా ప్రమాదమైన చోటు లేదు. మన దగ్గర డ్రైవరు కుడివైపు కూర్చుంటాడు కాబట్టి, ఎడమ ముందు చక్రం పక్కనున్న బైకు అతని కంటికి ఆనదు. ఇలా కంటికీ అద్దానికీ అందని చోటే బ్లైండ్ స్పాట్.

ముందు మీ అద్దాలు సరిచేసుకోండి. హెల్మెట్ పెట్టుకుని, బండి నడిపేటప్పుడు కూర్చునే తీరులోనే కూర్చోండి. ఒకరు బండిని నిటారుగా పట్టుకోవాలి. అద్దం లోపలి అంచున మీ భుజం కొద్దిగా, పావు వంతు మించకుండా కనపడాలి. మిగతాదంతా వెనక రోడ్డే. తర్వాత నట్టు బిగించండి, చాలా బళ్లకు 14 నంబరు స్పానర్ పడుతుంది. కొన్నిటికి, ముఖ్యంగా యమహా బళ్లకు, కుడి అద్దం మర తిరగేసి ఉంటుంది, అంటే మామూలుకు ఎదురు దిశలో తిప్పాలి. తిరగడం లేదని బలం చూపిస్తే మర పాడవుతుంది. వెనక మనిషి ఎక్కితే బండి వెనక్కి దిగి అద్దంలో దృశ్యం మారిపోతుంది, మళ్లీ చూసుకోండి.

ఇప్పుడు ఒకరిని వెనక నుంచి మీ పక్కగా, రెండు మీటర్ల దూరంలో నడవమనండి. మీరు తల తిప్పకండి. అద్దంలో మాయమైన చోటు నుంచి కంటి కొసకు తగిలే చోటు వరకు ఉన్నదే మీ బ్లైండ్ స్పాట్. రెండు వైపులా చూడండి. ఒక స్కూటర్ మొత్తం అందులో దాక్కోగలదని అర్థమవుతుంది.

లేన్ మారేటప్పుడు వరస ఇది:
1. అద్దం చూడండి. ఉబ్బెత్తు అద్దంలో వాహనం ఉన్నదానికన్నా దూరంగా కనిపిస్తుంది.
2. ఇండికేటర్ వేసి మూడు సెకన్లు ఆగండి.
3. ముందు ఖాళీ ఉందని తేల్చుకున్నాకే గడ్డాన్ని భుజం వైపు తిప్పి ఒక్క చూపు చూడండి. 40 కిలోమీటర్ల వేగంలో సెకనుకు 11 మీటర్లు పోతారు. నడుము తిప్పొద్దు, హ్యాండిల్ కూడా అటే లాగుతుంది.

పెద్ద బళ్ల దగ్గర ఒకటే పరీక్ష: వాటి అద్దంలో డ్రైవరు ముఖం మీకు కనపడకపోతే, మీరు అతనికి కనపడరు. 2017 ఏప్రిల్ తర్వాత వచ్చిన కొత్త బైకులకు హెడ్‌లైట్ ఎప్పుడూ వెలుగుతూనే ఉంటుంది కదా అని ధీమా వద్దు. ఆ అద్దానికి అందని చోట లైటూ అందదు.

సర్జాపుర రోడ్డులో నీళ్ల ట్యాంకర్ ఎడమకు తిరిగేటప్పుడు దాని వెనక చక్రాలు ముందు చక్రాల దారిలో రావు, లోపలికి కోసుకుంటూ వస్తాయి. ఫుట్‌పాత్ పక్కనున్న బైకు నలిగేది అక్కడే. పైగా మలుపు చాలక కొందరు డ్రైవర్లు ముందు కాస్త కుడికి కొడతారు. అది చూసి దారి ఇచ్చాడనుకోకండి. ఇరుక్కున్నారనిపిస్తే ఎక్సిలరేటర్ ఇవ్వకుండా, వెనక ఎవరున్నారో చూసుకుని, మెల్లగా బ్రేకు వేసి వెనక్కి తగ్గండి. వెనకే వెళ్తుంటే రెండు సెకన్ల దూరం, అంటే 40 వేగంలో 22 మీటర్లు, ఉంచండి.

సిగ్నల్‌లో టిప్పర్ బంపరుకు ఆనుకుని ముందు ఆగకండి. వెనక్కి తిరిగితే డ్రైవరు కళ్లు కనపడేంత దూరంలో ఆగండి. బస్టాపులో బీఎంటీసీ బస్సును ఎడమవైపు నుంచి ఎప్పుడూ దాటొద్దు, జనం దిగేది అటే. ఆగిన క్యాబుల పక్కన ఒక మీటరుకు పైగా ఖాళీ వదలండి, డోరు ఏ వైపైనా తెరుచుకోవచ్చు.

వానలో చినుకులు పడితే అద్దం ఉన్నా లేనట్టే. సిగ్నల్ పడ్డప్పుడల్లా తుడవడానికి జేబులో పొడి గుడ్డ పెట్టుకోండి.