తొడకు బలం రావట్లేదా? ముందు మోకాలు చూడండి

సమస్య: మోకాలికి దెబ్బ తగిలి, లేదా ఆపరేషన్ అయి వారాలు గడిచాయి. నొప్పి తగ్గింది. అయినా మెట్లు దిగుతుంటే మోకాలు పట్టు తప్పుతోంది. పడుకుని కాలెత్తితే మోకాలు పూర్తిగా చాపుకోవట్లేదు. ఆ తొడ సన్నబడింది. వ్యాయామం రోజూ చేస్తున్నా మార్పు లేదు.

తొడ ముందున్న నాలుగు కండరాలూ కలిస్తే క్వాడ్రిసెప్స్. మూడు తొడ ఎముక నుంచే మొదలవుతాయి, రెక్టస్ ఫెమోరిస్ మాత్రం తుంటి దగ్గర నుంచి వస్తుంది. మోకాలు చాపేవీ, మెట్లు దిగేటప్పుడు ఒంటి బరువును ఆపుతూ దింపేవీ ఇవే.

అసలు కారణం: చాలాసార్లు మోకాల్లో మిగిలిపోయిన నీరు. అందరూ తొడ మీద పడతారు గానీ మోకాలు తడిమి చూడరు. కీలు లోపల నీరు చేరి పొర సాగితే, వెన్నుపాము ఈ కండరాలకు వెళ్లే ఆదేశాన్ని తగ్గించేస్తుంది. నొప్పి లేకపోయినా ఇది జరుగుతుంది. ఈ నాలుగింటిలో తొడ లోపలి వైపున్న కండరం మందగించడానికి 20–30 మి.లీ. నీరు చాలు. అంత కొంచెం వాపు పైకి సరిగా కనిపించదు కూడా. ఇది తెలియక బరువులు పెంచితే కీలు రేగి నీరు ఇంకా చేరుతుంది.

అర నిమిషంలో తేల్చుకోవచ్చు. కాలు చాపి తొడ వదులు చేయండి. చిప్ప లోపలి పక్కన అరచేత్తో కింది నుంచి పైకి రెండు మూడుసార్లు నిమరండి. ఆ పక్కన గుంట పడుతుంది. ఇప్పుడు బయటి పక్కన పై నుంచి కిందికి నిమరండి. గుంట మళ్లీ ఉబ్బితే నీరున్నట్టే.

పరిష్కారం: గుంజీళ్లు, బరువులు ఆపండి. గుడ్డలో చుట్టిన ఐస్ 15 నిమిషాలు పెట్టండి. దిండు మోకాలి కింద వద్దు, హాయిగా ఉన్నా సరే, మోకాలు వంగిన చోటే బిగుసుకుంటుంది. మడమ కింద పెట్టండి. అలాగే ఉంచి మోకాలిని పరుపు వైపు నొక్కుతూ తొడ బిగించి 5 సెకన్లు ఆగండి. ఇలా 10 సార్లు. మర్నాడు పొద్దున గుంట మళ్లీ చూడండి. ఉబ్బు పెరిగితే నిన్న ఎక్కువ చేసినట్టు. నీరు మాటిమాటికీ చేరుతుంటే ఎందుకో డాక్టరు తేల్చాలి.

తొడ తిమ్మిరెక్కుతుంటే నడుము నరం సంగతి చూపించుకోండి, అది అరుదు. పడ్డాక కాలు అసలు లేవకపోయినా, మోకాలు ఎర్రగా కాలిపోతూ జ్వరం వచ్చినా అదే రోజు ఆస్పత్రికి వెళ్లండి.