ఈ డిసెంబరును నెట్టుకురావడం ఎలా: తిరుపతి విశ్వవిద్యాలయ అధ్యాపకుల కోసం

ఈ 2020లో క్రిస్మస్, వైకుంఠ ఏకాదశి రెండూ డిసెంబరు 25 శుక్రవారం నాడే వచ్చాయి. తిరుమలలో వైకుంఠ ద్వారాన్ని మొట్టమొదటిసారిగా పది రోజులు, అంటే జనవరి 3 దాకా, తెరిచి ఉంచుతున్నారు కాబట్టి ఊళ్లో రద్దీ ఒక్క రోజుతో తీరేది కాదు. కరోనా వల్ల మార్చిలో మూతపడిన తరగతులు నవంబరు 2 నుంచి విడతలవారీగా మొదలై ఇప్పుడిప్పుడే గాడిన పడుతున్నాయి. ఇదే నెలలో పండుగకు ముందే జరుపుకునే సెమీ క్రిస్మస్ వేడుకలు, సంవత్సరం ముగిసేలోగా వాడుకోకపోతే మురిగిపోయే క్యాజువల్ లీవులు, వైవాలు (మౌఖిక పరీక్షలు), ప్రాక్టికల్స్ అన్నీ వచ్చి పడ్డాయి. రసాయన శాస్త్రం బోధించే నేను ఈ నెలకు పెట్టుకున్న లెక్క ఒక్కటే: మనిషి ఎదుట ఉంటేనే జరిగే పని ఏది, ఫోనులో సాగిపోయే పని ఏది అని ముందు విడదీయడం, ఎదురెదురుగా గడిపే కొద్ది గంటలనూ మొదటి రకానికే ఖర్చు పెట్టడం.

నవంబరు 5న యూజీసీ (విశ్వవిద్యాలయ నిధుల సంఘం) ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం ఏ సమయంలోనూ మొత్తం విద్యార్థుల్లో సగానికి మించి ఆవరణలో ఉండకూడదు. పరిశోధక విద్యార్థులను, సైన్సు పీజీ విద్యార్థులను ముందుగా రప్పించవచ్చని కూడా అందులోనే ఉంది. దీన్ని చాలా విభాగాలు ప్రతి క్లాసునూ రెండు ముక్కలు చేసి ఒకే పాఠాన్ని రెండుసార్లు చెప్పమన్నట్టుగా అర్థం చేసుకున్నాయి. అలా చేస్తే అధ్యాపకుడి గొంతు పోతుంది, ప్రాక్టికల్స్ మాత్రం ముందుకు కదలవు. పాఠాన్ని ఆన్‌లైనుకు వదిలేసి, వచ్చిన సగం మందినీ నేరుగా ల్యాబుకు పంపడం మేలు. ఇరవై నాలుగు మంది ఉన్న క్లాసయితే పన్నెండేసి మందిగా విడగొట్టి, ఒక బల్ల విడిచి ఒక బల్ల దగ్గర నిలబెట్టాలి. లెక్కలు వేయడం, గ్రాఫు గీయడం, రికార్డు రాయడం ఇంటి పనిగా మార్చేస్తే మూడు గంటల ప్రాక్టికల్ గంటన్నరలో ముగుస్తుంది.

ల్యాబు గురించి కొంచెం విపులంగా చెప్పాలి, ఎందుకంటే అక్కడ కరోనా జాగ్రత్తలే కొత్త ప్రమాదాలను తెచ్చిపెడుతున్నాయి. మొదటిది పిపెట్, అంటే ద్రావణాన్ని కొలిచి తీసే సన్నని గాజు గొట్టం. పుస్తకాల్లో ఏమి రాసి ఉన్నా, మన ల్యాబుల్లో విద్యార్థులు పిపెట్‌ను నోటితో పీలుస్తారన్నది అందరికీ తెలిసిన రహస్యం. ఒకరు పీల్చిన పిపెట్‌ను కడిగీ కడగకుండా మరొకరు నోట పెట్టుకోవడం మామూలు రోజుల్లోనే తప్పు. ఇప్పుడు మాస్కు తీస్తే తప్ప పీల్చడం కుదరదు కాబట్టి నోటికి బదులుగా పీల్చే రబ్బరు బల్బులు కొనిపించడానికి ఇంతకన్నా మంచి సమయం రాదు. బల్బులు చాలినన్ని లేకపోతే ఆ రోజు పిపెట్‌కు బదులు కొళాయి ఉన్న కొలత గొట్టం, అంటే రెండో బ్యూరెట్‌తో ద్రావణాన్ని కొలిచి ఇవ్వండి, ద్రావణం గాఢతను తేల్చే టైట్రేషన్‌కు ఏ లోటూ రాదు.

రెండోది శానిటైజర్. అందులో ఉన్నది ముప్పాతికకు అటూ ఇటూగా ఆల్కహాల్. చేతులు పూర్తిగా ఆరకముందే స్పిరిట్ ల్యాంపు గానీ బన్సెన్ బర్నరు గానీ వెలిగిస్తే చేతికి మంట అంటుకోవచ్చు, పగటి వెలుతురులో ఆ మంట సరిగా కనపడదు కూడా. అందుచేత శానిటైజర్ సీసాను ల్యాబు గుమ్మం బయట పెట్టి, లోపల సబ్బూ నీళ్లే వాడించాలి. లాక్‌డౌన్ రోజుల్లో కొన్ని రసాయన శాస్త్ర విభాగాలు సొంతంగా శానిటైజర్ కలిపాయి. అలా మిగిలిపోయిన సీసాల మీద ఏ ఆల్కహాలో రాసి లేకపోతే వాటిని వాడవద్దు. అందులో ఉన్నది మిథనాల్ అయితే, అది చర్మం గుండా కూడా ఒంట్లోకి చేరగల విషం.

మూడోది బల్లలు తుడిచే హైపోక్లోరైట్, అంటే బ్లీచింగు ద్రావణం. అటెండరు మంచి మనసుతో బల్లలన్నీ బ్లీచింగు నీళ్లతో తుడిచి వెళతాడు, ఆ తడి ఆరకముందే విద్యార్థి హైడ్రోక్లోరిక్ ఆమ్లాన్ని అక్కడే ఒలకబోస్తాడు, అప్పుడు వెలువడేది క్లోరిన్ వాయువు. ఎందుకో చెప్పకుండా నిషేధిస్తే ఎవరికీ గుర్తుండదు కాబట్టి, అటెండరును పిలిచి కూర్చోబెట్టి ఈ ఒక్క చర్యనూ వివరించండి. ల్యాబు బల్లలను సబ్బు నీళ్లతోనే తుడిపించి, హైపోక్లోరైట్‌ను మరుగుదొడ్లకూ వరండా నేలకూ పరిమితం చేయడం తేలిక.

కిటికీల విషయంలో మన చిత్తూరు జిల్లాకు పాత అనుభవమే ఉంది. మదనపల్లె దగ్గర ఆరోగ్యవరంలో మిషనరీ సంఘాలు కలిసి క్షయ రోగుల కోసం కట్టిన శానిటోరియం 1915లో మొదలయింది. క్షయకు మందయిన స్ట్రెప్టోమైసిన్ ఇంకా కనిపెట్టని ఆ కాలంలో అటువంటి చోట్ల రోగికి ఇవ్వగలిగిన వైద్యమంతా విశ్రాంతి, మంచి తిండి, ధారాళమైన గాలి. మనం మాత్రం వంద మంది పట్టే హాలు ఖాళీగా ఉండగా ఏసీ ఉందని చెప్పి చిన్న సమావేశ గదిలో తలుపులు మూసుకుని కూర్చుంటాం. అక్టోబరులో అటువంటి గదిలో గంటన్నర జరిగిన ఒక సమావేశానికి నేనూ వెళ్లాను. మాస్కును గడ్డం కిందికి దించి మాట్లాడినవారిలో నేనొకడిని. ఆ తర్వాత వారం లోపల మాలో ముగ్గురికి జ్వరం వచ్చింది, ఆ గదిలోనే అంటుకుందని రుజువు చేయలేను గానీ, అప్పటి నుంచి నేను వరండాలో కుర్చీలు వేయించనిదే ఏ సమావేశానికీ కూర్చోవడం లేదు. వాన పడే సూచన ఉంటే తలుపులూ కిటికీలూ తెరిచిన పెద్ద హాలును సిద్ధంగా ఉంచుకోండి. నవంబరు చివర నివర్ తుపాను కురిపించిన వానను ఇక్కడెవరూ ఇంకా మరచిపోలేదు.

ఆన్‌లైన్ పాఠం దగ్గరికి వద్దాం. కుప్పం వైపు పల్లెల నుంచి, పుంగనూరు మారుమూల గ్రామాల నుంచి చదివే పిల్లలకు ఇంటికంతటికీ ఒకటే ఫోను, రోజుకు ఒకటిన్నర జీబీ డేటా. గంటసేపు వీడియో నడిచే రెండు క్లాసులు వింటే ఆ రోజు వాటా అయిపోవడానికి చాలా దగ్గరికి వస్తుంది. కాబట్టి పాఠాన్ని పన్నెండు, పదిహేను నిమిషాల ఆడియో ముక్కలుగా రికార్డు చేసి, బోర్డు మీద రాసినదాన్ని ఫోటోలు తీసి, రెండూ వాట్సాప్ గ్రూపులో పెట్టండి. ప్రత్యక్ష క్లాసును సందేహాలకు మాత్రమే ఉంచండి. ఉచిత జూమ్‌లో సామూహిక సమావేశం నలభై నిమిషాలకే తెగిపోతుందని అందరూ విసుక్కుంటారు గానీ, నిజానికి సందేహాల క్లాసుకు అంతకంటే ఎక్కువ అవసరం లేదు. ఈ డిసెంబరు 14 సాయంత్రం అయిదుంబావు నుంచి సుమారు ముప్పావుగంట సేపు గూగుల్ సేవలు ప్రపంచమంతటా ఆగిపోయాయి, క్లాసులు నడిచే గూగుల్ మీట్ కూడా వాటితోపాటే పోయింది. ఆ రోజు ఫోను నంబర్ల జాబితా కాగితం మీద ఉన్నవారు వెంటనే తమ విద్యార్థులకు కబురు చేయగలిగారు. ఆ కాగితాన్ని ఇవాళే రాసి పెట్టుకోండి.

పీహెచ్‌డీ వైవాలను వీడియో ద్వారా జరపడానికి ఏప్రిల్‌లోనే యూజీసీ అనుమతించింది. ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్‌ను ఊరు దాటించి రప్పించి, గది వెతికి, భోజనం పెట్టి పంపే పని ఇప్పుడు బొత్తిగా అనవసరం. సిద్ధాంత వ్యాసం సమర్పించాల్సిన డిసెంబరు 31 గడువు కూడా 2021 జూన్ 30 వరకు పెరిగింది కాబట్టి స్కాలర్‌ను ఈ పది రోజుల్లో పరుగులు పెట్టించవద్దు. జవాబు పత్రాలు దిద్దేవారికి ఒక మాట: వేలిని నాలుకతో తడిపి పేజీ తిప్పే అలవాటును దయచేసి మానుకోండి, పోస్టాఫీసులో వాడే తడి స్పాంజి డబ్బా ఒకటి కొంటే చాలు.

ఇక సెమీ క్రిస్మస్. బయటి ఊళ్ల నుంచి వచ్చినవారికి ఇది కొత్తగా అనిపించవచ్చు గానీ, మన రాష్ట్రంలో కార్యాలయాల్లోనూ కాలేజీల్లోనూ డిసెంబరు మొదటి మూడు వారాల్లో ఏదో ఒక సాయంత్రం విభాగమంతా కలిసి పండుగను ముందే జరుపుకోవడం మామూలే. పోర్టికోకు నక్షత్రం కడతారు, కొవ్వొత్తులు వెలిగిస్తారు, పాస్టరు గారు వాక్యం చెబుతారు, పాటలు పాడతారు, కేకు కోసి ఒకరి నోటికొకరు అందిస్తారు. ఈసారి మా విభాగంలో దీన్ని మానేద్దామని నేను ప్రతిపాదించినప్పుడు, ముప్పై ఏళ్లుగా నక్షత్రం కడుతున్న మా అటెండరు, “సారూ, కేకు లేకపోయినా పరవాలేదు గానీ పాట లేకపోతే అది పండగ ఎట్లా అవుతుంది?” అన్నాడు. అతని మాట న్యాయమైనదే, కానీ ఈ వేడుక మొత్తంలో ఎక్కువ ప్రమాదమున్నది ఆ పాటలోనే. అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో మార్చి నెలలో రెండున్నర గంటలు సాగిన ఒక బృందగాన సాధనకు 61 మంది హాజరైతే, వారిలో 53 మంది జబ్బుపడ్డారు, ఇద్దరు మరణించారు. గొంతెత్తి పాడేటప్పుడు మామూలు మాటలకంటే ఎక్కువ తుంపరలు బయటికి వస్తాయి, మూసిన గదిలో అవి గాలిలోనే నిలుస్తాయి.

అందుకని మేము కుదుర్చుకున్న పద్ధతి ఇది. వేడుకను గదిలో నుంచి మైదానానికి మార్చి, డిసెంబరు 21 సోమవారం సాయంత్రానికి పెట్టుకున్నాం. ఆ రోజు సూర్యాస్తమయం తరువాత నైరుతి ఆకాశంలో గురుగ్రహం, శనిగ్రహం దాదాపు ఒకే చుక్కలాగా కనిపించేంత దగ్గరికి వస్తున్నాయి. 1623 తర్వాత అవి ఇంత దగ్గరగా రావడం ఇదే. దీన్ని పత్రికలు అప్పుడే క్రిస్మస్ నక్షత్రమని రాయడం మొదలుపెట్టాయి. కాబట్టి పోర్టికోకు కట్టే కాగితపు నక్షత్రంతోపాటు పైనున్నదాన్ని కూడా చూడవచ్చు. ఆరుంబావు నుంచి ఏడింటి లోపల చూసేయాలి, ఆలస్యమైతే రెండూ దిగిపోతాయి. టెలిస్కోపు తేవద్దు: పాతిక మంది ఒకే కటకానికి కన్ను ఆనించడమెందుకు, మామూలు కంటికే అవి చక్కగా కనిపిస్తాయి.

కుర్చీల మధ్య ఆరడుగుల ఎడం ఉంచి, పాటను ఒకే ఒక్కరికి అప్పగించి, వారి వైపు నుంచి గాలి మిగతావారి మీదికి వీచకుండా, గాలి పోయే దిక్కున, మిగతావారికి దూరంగా నిలబెట్టండి. మిగిలినవారు మాస్కు తీయకుండా చప్పట్లతో తాళం వేస్తారు. కొవ్వొత్తులు వెలిగించే చేతులకు శానిటైజర్ రాయించవద్దు. ల్యాబులో చెప్పిన కారణమే ఇక్కడా వర్తిస్తుంది. కేకును బేకరీలోనే ముక్కలు చేయించి విడివిడి పొట్లాలుగా తెప్పించండి, కొవ్వొత్తిని కేకు మీద పెట్టి ఊదే పని అసలు వద్దు. క్రైస్తవ సహోద్యోగుల ఇళ్ల నుంచి ఏటా వచ్చే గులాబీ పువ్వులు, నిప్పట్లు, కజ్జికాయలు లాంటి పిండివంటలు ఈసారి కూడా వస్తాయి, వాటిని అక్కడ తినకుండా ఇంటికి తీసుకెళ్లడమే మర్యాద అని ముందుగానే చెప్పుకుంటే ఎవరూ నొచ్చుకోరు. పాస్టరు గారు పెద్ద వయసువారైతే వారి వాక్యాన్ని ఫోను స్పీకరులో వినిపించవచ్చు. రాత్రిళ్లు ఇంటింటికీ వెళ్లే క్యారల్ రౌండ్లకు హాస్టలు విద్యార్థులను పంపవద్దని వార్డెనుకు చెప్పవలసి వస్తుంది. ఆ చెడ్డపేరు మనమే మోయాలి.

సెలవుల జాబితా వేసేటప్పుడు ఒక పొరపాటు తరచుగా జరుగుతుంది. 25 ఎలాగూ అందరికీ సెలవే, 27 ఆదివారం. మధ్యలో ఉన్న 26నూ, ముందున్న 24నూ క్యాజువల్ లీవు మిగిలినవారంతా పట్టుకుపోతారు, చివరికి క్రిస్మస్ ముందు రాత్రి ఆరాధనకు వెళ్లవలసిన వ్యక్తే విభాగంలో కాపలా కూర్చుంటాడు. 24, 26 తేదీలను క్రైస్తవ సహోద్యోగులకు మొదట రాసి, మిగిలినవాటిని తర్వాత పంచండి. ఏకాదశికి కొండకు వెళ్లేవారికి ద్వారం పది రోజులు తెరిచి ఉంటుంది కాబట్టి వారు 28 తర్వాత ఏదో ఒక రోజు అడగడం న్యాయంగా ఉంటుంది. తాత్కాలికంగా బోధించే అకడమిక్ కన్సల్టెంట్ల సంగతి వేరు. క్లాసు లెక్కన జీతం వచ్చేవారికి సెలవంటే ఆదాయం పోవడమే కాబట్టి, వారి గంటలను సెలవు రోజుల్లో కాకుండా ముందు వారంలోనే పూర్తి చేయించండి.

జనవరి 4 సోమవారం నాటికి ద్వారం మూసివేసి ఉంటుంది, బస్టాండు దగ్గరి రద్దీ కొంత తగ్గుతుంది, రెండో విడత విద్యార్థులను ఆ రోజు నుంచి రప్పించడం మంచిది. ఆ బ్యాచీల జాబితాను డిసెంబరు 23 లోపలే నోటీసు బోర్డు మీదా గ్రూపులోనూ పెట్టి, ఆ తర్వాత హాజరు పట్టీని తీసి నవంబరు నుంచి ఇప్పటివరకు క్లాసుకూ రాక, గ్రూపులోనూ పలకని పేర్లను విడిగా రాసుకోండి. మా క్లాసులో అలాంటివి నాలుగు తేలాయి. ఇద్దరు కూలి పనులకు వెళుతున్నారు, ఒకరి ఫోను పోయింది, నాలుగో అమ్మాయి తండ్రి సెప్టెంబరులో కరోనాతో చనిపోయాడని మాలో ఎవరికీ తెలియదు. అలాంటివారికి మెసేజీలతో సరిపెట్టకుండా, సెలవుకు వెళ్లేముందే, మీ గొంతుతోనే ఫోను చేయండి.